కంది పూసే వేళ: పశ్చిమ ప్రకాశంలో పంట రకాలు, మారుతున్న వాతావరణం

పంట దిగుబడిలో వాతావరణం వాటా ఎంత, విత్తన రకం వాటా ఎంత అన్న ప్రశ్నపై ప్రపంచంలో జరిగిన పరిశోధనలో గణనీయమైన భాగం గోధుమ చుట్టూ తిరిగింది. ఆ పరిశోధన తేల్చిన సూత్రాలనే మిగతా పంటలకూ, మిగతా నేలలకూ అన్వయించడం వ్యవసాయ రచనలలో అలవాటుగా మారింది. అయితే మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం ప్రాంతాలలో చపాతీ రాత్రి భోజనంలోకి వచ్చిందే తప్ప గోధుమ చేలోకి రాలేదు. ఇక్కడి శీతకాలపు చలి ఆ పంటకు చాలదు. ఈ నేలలో అదే ప్రశ్నను వేయదగిన పంట కంది. ఆంధ్రప్రదేశ్‌లో కంది విస్తారంగా సాగయ్యే జిల్లాలలో ఉమ్మడి ప్రకాశం ఒకటి, అందులోనూ పడమటి మండలాలలో వర్షాధార సేద్యానికి అది ఆధారం. గోధుమ విషయంలో రుజువైన సూత్రాలలో ఏవి కందికి వర్తిస్తాయి, ఏవి తలకిందులవుతాయి అన్నది ఈ సమీక్షకు ముఖ్య విషయం.

గోధుమ కథ కొంతవరకు సూటిగా ఉంటుంది. ఆ మొక్క ఎదుగుదల ప్రధానంగా వేడిని బట్టి నడుస్తుంది. ప్రతి రోజు సగటు ఉష్ణోగ్రత నుంచి పంట ఎదగడానికి కావలసిన కనీస ఉష్ణోగ్రతను తీసివేసి, మిగిలినదాన్ని రోజురోజుకూ కూడుతూ పోతే వచ్చే మొత్తాన్ని ‘ఉష్ణ మొత్తం’ అనవచ్చు. ఒక్కొక్క రకం పూతకు, కోతకు ఇంత ఉష్ణ మొత్తం కావాలని శాస్త్రజ్ఞులు లెక్క కడతారు. వాతావరణం వేడెక్కితే ఆ మొత్తం త్వరగా పూర్తయి, పంట తొందరపడి పూసి, గింజ పాలు పోసుకునే కాలం కుదించుకుపోయి, గింజ సన్నబడుతుంది. భూగోళ సగటు ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే ప్రపంచ గోధుమ దిగుబడి సుమారు 6 శాతం తగ్గుతుందని 2017లో వెలువడిన ఒక విస్తృత అధ్యయనం తేల్చింది. వరికి అదే అధ్యయనం వేసిన లెక్క 3.2 శాతం. 2022 మార్చి నెల భారతదేశంలో 1901 తరువాత అత్యంత వేడి మార్చిగా నమోదు కాగా, 11.13 కోట్ల టన్నులు వస్తుందని వేసిన గోధుమ అంచనాను ఆ వేసవిలో 10.64 కోట్ల టన్నులకు తగ్గించవలసి వచ్చింది, మే 13న గోధుమ ఎగుమతిపై నిషేధం పడింది. దీనికి ప్రజననకారులు, అంటే కొత్త రకాలను రూపొందించే శాస్త్రజ్ఞులు, రెండు దారులు వెతికారు: వేడిని తట్టుకునే రకం ఒకటి, వేడి రాకముందే గింజ నింపుకునే రకం మరొకటి. ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన హెచ్‌డీ 3385 రెండో దారికి చెందినది; అక్టోబరు చివరలోనే విత్తినా తొందరపడి పూయకుండా, మార్చి వేడికి ముందే గింజ నిండేలా దానిని ఎంపిక చేశారు.

ఈ చర్చ నుంచి పాఠకులకు మిగిలే సూత్రం ‘కాలం వేడెక్కుతున్నది కనుక స్వల్పకాలిక రకం మేలు’ అన్నది. అది పశ్చిమ ప్రకాశంలో కంది రైతుకు చేరేసరికి సగం మాత్రమే నిజమవుతుంది. కారణాలు రెండు: ఒకటి ఈ నేల మీద కురిసే వాన తీరు, రెండు కంది మొక్క కాలాన్ని కొలిచే తీరు.

ప్రకాశం జిల్లా 1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు నుంచి, కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు నెల్లూరు నుంచి, ఒంగోలు, అద్దంకి, చీరాల ప్రాంతాలు గుంటూరు నుంచి వచ్చి కలిశాయి. అప్పుడు పరిపాలన ఒకటైనా వాన ఒకటి కాలేదు. కంభం లోయ పడమట నల్లమలకు, తూర్పున వెలిగొండలకు మధ్య ఇరుక్కుని ఉంటుంది. నైరుతి రుతుపవనం పడమటి కనుమల మీద, ఆపై నల్లమల మీద చాలావరకు కురిసిపోయి ఇక్కడికి నీరసించి చేరుతుంది. ఈశాన్య రుతుపవనం బంగాళాఖాతం నుంచి బయలుదేరి తీరాన్ని తడిపి, వెలిగొండలను దాటి లోపలికి వచ్చేసరికి తగ్గుతుంది. రెండు రుతుపవనాలూ దాదాపు సమాన వాటాలతో జిల్లాను తడుపుతాయి గాని రెండింటికీ పడమటి మండలాలు అంచులోనే ఉంటాయి. ఉత్తర తెలంగాణలోలాగా జూన్‌ నుంచి సెప్టెంబరు దాకా కురిసి ఆగే వాన కాదిది. హస్త, చిత్త, స్వాతి కార్తెల వానను, అంటే సెప్టెంబరు చివర నుంచి నవంబరు తొలివారం దాకా పడే వానను లెక్కలోకి తీసుకోకుండా ఇక్కడ ఏ వర్షాధార పంటనూ అర్థం చేసుకోలేము. గుండ్లకమ్మ మీద విజయనగర కాలంలో కట్టిన కంభం చెరువు నిండేది, నిండకపోయేది కూడా చాలా ఏళ్లలో ఈ చివరి వానలను బట్టే తేలుతుంది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, మురుగు పారుదల సంఘం ఆ చెరువును వారసత్వ కట్టడంగా గుర్తించింది; గుర్తింపు వల్ల నీరు రాదన్నది వేరే సంగతి.

నేల కూడా ఒక్క తీరుది కాదు. పలకరాయి దొరికే మార్కాపురం పరిసరాలలో, కొండల వాలులలో గరప కలిసిన లోతు తక్కువ ఎర్ర నేలలు ఎక్కువ. వాగుల వెంబడి, పల్లపు భాగాలలో నల్లరేగడి మడులు కనిపిస్తాయి. లోతైన రేగడి ఒక మంచి వానను కడుపులో దాచుకుని వారాల తరబడి పదును నిలుపుకుంటే, జానెడు లోతున రాయి తగిలే ఎర్ర నేల అదే వానను పది పన్నెండు రోజులలో మరచిపోతుంది. ఒకే ఊరిలో, ఒకే వానలో, ఒకే రకం కంది ఒక చేలో కాసి మరో చేలో ఎండిపోవడానికి ఈ తేడాయే మూలం. వాతావరణ మార్పు ప్రభావాన్ని జిల్లా సగటులతో చెప్పే నివేదికలకు ఉన్న ప్రధాన లోపం ఇక్కడే ఉంది.

ఇక మొక్క సంగతి. కంది హ్రస్వదిన మొక్క. అంటే పగటి పొడవు ఒక హద్దు కంటే తగ్గినప్పుడే పూతకు సిద్ధపడే మొక్క. మార్కాపురం అక్షాంశంలో జూన్‌ చివర పగలు సుమారు 13 గంటలు ఉండి, డిసెంబరు చివరకు 11 గంటల పైచిలుకుకు దిగుతుంది. రెండు గంటలకు లోపైన ఈ తేడాను సంప్రదాయ మధ్యకాలిక, దీర్ఘకాలిక రకాలు గడియారంగా వాడుకుంటాయి. మృగశిర, ఆరుద్రలలో విత్తినా, పుష్యమిలో విత్తినా, ఆశ్లేషలో విత్తినా పూత మాత్రం పగలు కుదించుకునే అక్టోబరు, నవంబరులలోనే వస్తుంది. విత్తడం ఆలస్యమైనంత కాలం పూతకు ముందరి ఎదుగుదలలో కోత పడుతుంది. అందువల్ల ‘ఈ రకం 170 రోజులది’ అన్న మాటకు విత్తిన తేదీ చెప్పకుండా పూర్తి అర్థం లేదు. జూన్‌లో విత్తితే అంతకంటే ఎక్కువ రోజులు, ఆగస్టులో విత్తితే బాగా తక్కువ రోజులు తీసుకునే రకం అది. ఆలస్యంగా విత్తిన కంది పొట్టిగా, కొమ్మలు తక్కువగా ఉండి చెట్టుకు కాయలు తక్కువ కాస్తుంది గనుకనే, సెప్టెంబరు, అక్టోబరులలో వేసే రబీ కందికి సాళ్ల మధ్య దూరం తగ్గించి మొక్కల సంఖ్య పెంచమని వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫారసు చేస్తుంది.

వేడి ప్రభావంలో గోధుమకూ కందికీ దారులు వేరయ్యేది సరిగ్గా ఇక్కడే. గోధుమ వేడికి తొందరపడుతుంది. మధ్యకాలిక, దీర్ఘకాలిక కంది వేడికి చాలాసార్లు ఆలస్యం చేస్తుంది. కెన్యాలో సముద్రతీరపు వేడి ప్రాంతం నుంచి చల్లని ఎత్తు ప్రాంతాల దాకా వరుసగా ఒకే రకాలను నాటి చేసిన పరిశీలనలలో, దీర్ఘకాలిక రకాలు సుమారు 18 డిగ్రీల సగటు ఉష్ణోగ్రతలో త్వరగా పూశాయనీ, అంతకంటే వేడైన చోట్ల వాటి పూత వెనక్కు జరిగిందనీ, స్వల్పకాలిక రకాలకు అనువైన ఉష్ణోగ్రత మాత్రం దాదాపు 24 డిగ్రీల దగ్గర ఉందనీ తేలింది. పగలు కుదించుకోవడం కందికి పూతకు పిలుపైతే, రాత్రి చల్లబడడం ఆ పిలుపుకు పలికే గొంతు వంటిది; రెండూ కలిస్తేనే చెట్టు ఒక్కసారిగా పూస్తుంది. భూగోళం వేడెక్కడం వల్ల పగటి పొడవు మారదు గాని అక్టోబరు, నవంబరు రాత్రులు మారతాయి. భారతదేశపు సగటు ఉష్ణోగ్రత 1901 నుంచి 2018 మధ్య సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020 నాటి అంచనా చెబుతున్నది. 1901 తరువాతి కాలంలో 2024 అత్యంత వేడి సంవత్సరంగా నమోదైంది. వెచ్చని కార్తికంలో పూత పది రోజులు వెనక్కు జరిగితే రేగడి చేలో పెద్ద నష్టం ఉండకపోవచ్చు, ఎర్ర నేలలో మాత్రం ఆ పది రోజులూ పదును ఆరిపోయే రోజులే.

పూత వచ్చినా గండం గడిచినట్టు కాదు. కంది విరివిగా పూసి విరివిగా రాల్చే మొక్క. మంచి సంవత్సరంలోనూ పూసిన పూలలో నూటికి 80 నుంచి 90 దాకా కాయ కాకుండానే రాలిపోతాయి. కనుక పూత రాలడం తనంతట తాను విపత్తు కాదు. మిగిలిన పది, ఇరవై పాళ్లు నిలుస్తాయా లేదా అన్నదే దిగుబడిని తేలుస్తుంది. పూత దశలో ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటినా, ముసురు పట్టి వారంపాటు ఎండ మొహం కనిపించకపోయినా, వేర్ల దగ్గర నీరు నిలిచినా, పదును పూర్తిగా ఆరినా ఫలితం ఒక్కటే. పైగా మబ్బు పట్టిన చలి రోజులలో మారుకా పురుగు చెలరేగుతుంది. ఇది పూలను, లేత పిందెలను గూడుగా అల్లి లోపల తినే మచ్చల పురుగు. గూడు కట్టాక కొట్టిన మందు దానికి అందదు. దీనికి తోడు శనగపచ్చ పురుగు, గింజ గట్టిపడే వేళకు కాయ ఈగ వరుసగా వస్తాయి. కందికి ఉన్న ఒక పెద్ద వరం మాత్రం ఓర్పు: మొదటి విడత పూత పోయినా, పదును ఉంటే మళ్లీ పూస్తుంది. గోధుమకు ఈ అవకాశం లేదు. ఒక్కసారి వేసిన వెన్ను ఎండితే ఆ ఏటికి అంతే. వాతావరణ ఒడుదొడుకులకు కంది ఇచ్చే జవాబు ఈ రెండో పూతలోనే ఉంది. అందరూ స్వల్పకాలిక రకాలను పొగిడేటప్పుడు మరచిపోయే విషయమూ ఇదే. త్వరగా కాపు ముగించే రకాలలో, ప్రత్యేకించి కొమ్మ చివర ఒకే గుత్తిగా పూసే రకాలలో, ఈ రెండో అవకాశం తక్కువ.

వాన విషయంలో మారుతున్నది మొత్తం కంటే పంపకం. నైరుతి కాలంలో వానల మధ్య వచ్చే బెట్టలు 1951–80తో పోలిస్తే 1981–2011 మధ్య 27 శాతం తరచుగా వచ్చాయని పైన చెప్పిన భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ అంచనాయే నమోదు చేసింది. 2023 ఆగస్టు దేశవ్యాప్తంగా 1901 తరువాత అత్యంత పొడి ఆగస్టు కాగా, అదే ఏడాది డిసెంబరు 5న మిగ్‌జామ్‌ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. విత్తవలసిన వేళ బెట్ట, పూత, కాత వేళ ముసురు: కంది కోణం నుంచి చూస్తే ఒకే సంవత్సరంలో రెండు చివరలా దెబ్బ తగలడానికి 2023 చక్కటి ఉదాహరణ. మఖ, పుబ్బ కార్తెల దాకా పదునైన వాన పడక విత్తడం వాయిదా పడిన చేలలో పూతకు ముందరి ఎదుగుదల కుదించుకుపోతుంది. సకాలంలో మొలిచిన చేలలో ఆగస్టు బెట్టకు మొక్క గిడసబారుతుంది. అయినా ఈ దశలో కంది చూపే తట్టుకునే శక్తి చిన్నది కాదు. దాని తల్లివేరు లోతుకు దిగుతుంది. ఆకులు ఎండవేళ నిలువుగా తిరిగి ఎండ తాకిడిని తగ్గించుకుంటాయి. వేరు బుడిపెలలోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. ఎర్ర నేలల్లో భాస్వరం ఇనుముతో బిగుసుకుని ఇతర పంటలకు అందకుండా ఉంటే, కంది వేర్లు పిసిడిక్‌ ఆమ్లాన్ని స్రవించి ఆ బంధాన్ని సడలించి భాస్వరాన్ని తీసుకుంటాయని పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో పనిచేసిన శాస్త్రజ్ఞుల బృందం 1990లో చూపింది. గరప నేలలో కంది ఎందుకు బతుకుతుందో రైతులకు ఎప్పుడూ తెలుసు. ఎలా బతుకుతుందో ఆ పరిశోధన వల్ల తేలింది.

ఈ నేపథ్యంలో రకాలను చూడాలి. గుంటూరు లాంలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన ఎల్‌ఆర్‌జీ వరుస రకాలు కోస్తా, పల్నాడు, ప్రకాశం ప్రాంతాలలో చిరకాలంగా పాతుకుపోయాయి. పల్నాడు అన్న పేరుతో వచ్చిన ఎల్‌ఆర్‌జీ 30, తరువాత వచ్చిన ఎల్‌ఆర్‌జీ 41 సుమారు 170–180 రోజుల మధ్యకాలిక రకాలు, నల్లరేగడిలో రాణిస్తాయి. శనగపచ్చ పురుగును కొంతవరకు ఓర్చుకోవడం రెండో దానికి పేరు తెచ్చింది. అమరావతి పేరుతో వచ్చిన ఎల్‌ఆర్‌జీ 52 ఎండు తెగులును తట్టుకునే గుణంతో ఆ వరుసను ముందుకు తీసుకుపోయింది. ఇక్రిశాట్‌ నుంచి వచ్చిన ఐసీపీఎల్‌ 87119, అనగా ఆశ, ఎండు తెగులును, వెర్రి తెగులును రెండింటినీ తట్టుకుంటుంది; కంది జన్యుక్రమాన్ని శాస్త్రజ్ఞులు ఛేదించి 2012లో ప్రచురించినప్పుడు ఎంచుకున్న రకం కూడా అదే. 1986లో కర్ణాటకలో విడుదలైన ఐసీపీ 8863, అంటే మారుతి, వాటి కంటే కొంత త్వరగా కోతకు వచ్చి ఎండు తెగులును తట్టుకుంటుంది, వెర్రి తెగులుకు మాత్రం లొంగిపోతుంది. తెలంగాణలోని పాలెం పరిశోధన స్థానం ఎర్ర నేలలను దృష్టిలో పెట్టుకుని రూపొందించిన పీఆర్‌జీ 158 సుమారు 150 రోజులకు, ఉజ్వల అనే పీఆర్‌జీ 176 సుమారు 130 రోజులకు కోతకు వస్తాయి.

పశ్చిమ ప్రకాశానికి వీటిలో ఏది మేలు అన్న ప్రశ్నకు ఒక్క జవాబు చెప్పే సిఫారసు ఏదైనా అనుమానించదగినదే. ఎర్ర నేలలో, జూలై మొదట్లో విత్తిన 130 రోజుల రకం అక్టోబరు తొలి పక్షంలోనే పూత ముగించి పదును ఉండగానే గింజ నింపుకుంటుంది. లోతు తక్కువ నేలకు అది స్పష్టమైన లాభం. కాని అదే రకం నవంబరు మధ్యలో ఎండిన కాయలతో నిలబడి ఉండగా ముసురు పడితే, కట్టె మీదే గింజ రంగు మారి, మొలకెత్తి, కళ్లానికి చేరేసరికి ధర పడిపోతుంది. నైరుతి వానతో సరిపెట్టుకునే తెలంగాణ ఎర్ర నేలలకు కుదిరిన లెక్క, రెండు రుతుపవనాలు తాకే ఈ లోయకు యథాతథంగా కుదరకపోవడానికి కారణం ఇది. రేగడిలో 170 రోజుల రకం స్వాతి, విశాఖల వాన తాగి, డిసెంబరు చలిలో గింజ నింపుకుని, సంక్రాంతి దాటాక పొడి వాతావరణంలో కోతకు వస్తుంది. అదే రకం గరప నేలలో డిసెంబరు నాటికి ఆకు రాల్చి తాలు కాయలు మిగులుస్తుంది. మొత్తం మీద, రకం ఎంపిక అంటే ఎక్కువ దిగుబడినిచ్చే పేరును ఎంచుకోవడం కాదు, చేలో పదును లోతుకు సరిపడే పూత తేదీని ఎంచుకోవడం. వాతావరణం మారుతున్న కొద్దీ ఆ తేదీ చుట్టూ అనిశ్చితి పెరుగుతున్నది. కాబట్టి ఒక రైతు మొత్తం పొలంలో ఒకే రకం వేయడం మునుపటి కంటే ప్రమాదకరమైన పందెం అవుతున్నది.

తెగుళ్ల విషయంలో రకాల మేలు వాదనకు అతీతం. ఎండు తెగులు కలిగించే శిలీంధ్రం పంట మోళ్లతో పాటు నేలలో మూడేళ్ల దాకా బతుకుతుంది. కందినే కంది వెంబడి వేసే చేలలో పూత, కాత వేళకు చెట్లు గుంపులు గుంపులుగా వాడిపోతాయి. జొన్నతో కలిపి వేస్తే ఈ తెగులు తగ్గుతుందని ఇక్రిశాట్‌ ప్రయోగాలు రుజువు చేశాయి. సజ్జలోనో జొన్నలోనో కంది సాలు పెట్టిన పాత రైతుల పద్ధతికి శాస్త్రం ఆలస్యంగా వేసిన ముద్ర అది. వెర్రి తెగులు సోకిన చెట్టు గుబురుగా, పచ్చగా పెరిగి పూతే పూయదు. నల్లి జాతి పురుగు మోసుకొచ్చే వైరస్‌ దీనికి కారణమని 2000 ప్రాంతంలో గాని తేలలేదు. బెట్ట, వేడి రెండూ కలిసిన ఏళ్లలో వేర్లు పొడిగా కుళ్లిపోయే మరో తెగులు పప్పు పంటలన్నింటిలో ముందుకు వస్తున్నది. దానికి గట్టి నిరోధం ఉన్న కంది రకం ఇంకా రైతు చేతికి రాలేదు.

గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరగడం కందికి మేలే చేస్తుందన్న వాదన ఒకటి వినవస్తుంది. ఇప్పుడు గాలిలో ప్రతి పది లక్షల పాళ్లకు సుమారు 420 పాళ్లున్న ఆ వాయువును 700 పాళ్లకు పెంచి, పైకప్పు లేని గాజు గదుల వంటి అరలలో హైదరాబాదులోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ చేసిన ప్రయోగాలలో కంది మొక్క బరువు, గింజ దిగుబడి రెండూ పెరిగిన మాట నిజం. గోధుమలో ఈ పెరుగుదలతో పాటు గింజలో మాంసకృత్తులు తగ్గుతాయి. నత్రజనిని తానే సంపాదించుకునే పప్పు జాతులలో ఆ తగ్గుదల చాలా స్వల్పం, జింకు, ఇనుము మాత్రం వీటిలోనూ తగ్గుతాయి. అయితే ఆ అరలలో మొక్కకు నీరు సకాలంలో పోస్తారు, మారుకా పురుగును రానివ్వరు. నేల, వాన, ఎండ, రకం గుణాలను కలిపి కంప్యూటరుపై పంటను పెంచి చూపే నమూనాలకూ ఇదే బలహీనత: అవి పదునును చక్కగా లెక్కిస్తాయి, పురుగును లెక్కించలేవు. కంది దిగుబడిని ఇక్కడ చాలా ఏళ్లలో తేల్చేది పురుగు కనుక, నలభై ఏళ్ల తరువాతి దిగుబడిని శాతాలలో చెప్పే అంచనాలను కొంత దూరం నుంచే గౌరవించాలి.

పరిశోధన స్థానాలలో హెక్టారుకు 18 నుంచి 20 క్వింటాళ్లు ఇచ్చే రకాలు రైతుల చేలలో అందులో సగమైనా ఇవ్వవు. కందిలో దేశ సగటు 8, 9 క్వింటాళ్ల దగ్గరే ఊగిసలాడుతుండగా, ఆంధ్రప్రదేశ్‌ సగటు చాలా ఏళ్లలో దానికంటే కిందే ఉంటున్నది. ఈ అంతరానికి వాతావరణాన్ని ఒక్కదాన్నే నిందించడం న్యాయం కాదు. మంచి నేల, బోరు నీరు ఉన్న చోట పత్తి, మిరప, పొగాకు పంటలు నిలిచి, కందికి మిగిలేది గరప నేల, కాలం మీరిన విత్తు. విత్తనం సంగతి అంతకంటే ముఖ్యం. కందిలో తేనెటీగల వల్ల పూల మధ్య పుప్పొడి మార్పిడి గణనీయంగా జరుగుతుంది, తరచు ఐదో వంతుకు మించి. గోధుమ, శనగలలో ఇది దాదాపు ఉండదు. పక్క చేలో మరో రకం ఉంటే మూడు నాలుగేళ్లు దాచుకున్న ఇంటి విత్తనం పేరుకే ఎల్‌ఆర్‌జీ 41గా మిగులుతుంది, పూత తేదీ చెట్టుకొక తీరుగా మారుతుంది. 2015లో తెలంగాణలో మన్నెంకొండ కంది పేరుతో విడుదలైన ఐసీపీహెచ్‌ 2740 హైబ్రిడ్‌ దిగుబడిలో మెరుగైనదే అయినా, తేనెటీగల మీద, చుట్టూ ఖాళీగా వదలవలసిన దూరం మీద ఆధారపడిన దాని విత్తనోత్పత్తి రైతు ముంగిటికి విరివిగా చేరే స్థాయికి ఎదగలేదు.

ఇటీవల అందరి చూపు ఇక్రిశాట్‌ 2025లో ప్రకటించిన ఐసీపీవీ 25444 వైపు తిరిగింది. పగటి పొడవుతో నిమిత్తం లేకుండా, 45 డిగ్రీల వేడిని కూడా తట్టుకుని, సుమారు 125 రోజులలో హెక్టారుకు 2 టన్నుల దాకా ఇచ్చే ఈ రకాన్ని వేసవి పంటగా సాగు చేయవచ్చునని తేల్చారు. కృత్రిమ వెలుతురులో ఏడాదికి అనేక తరాలను పండించే వేగ ప్రజనన పద్ధతి ఈ విజయం వెనుక ఉంది. ప్రజనన శాస్త్రంలో ఇది నిస్సందేహంగా పెద్ద అడుగు. పశ్చిమ ప్రకాశానికి వచ్చేసరికి ప్రశ్న వేడి దగ్గర ఆగదు, నీటి దగ్గరకు పోతుంది. వేసవి కంది అంటే తడి పంట. బోర్లు ఏటేటా లోతుకు దిగుతున్న మండలాలలో ఏప్రిల్‌ నీరు ముందు తాగడానికి, ఆపై బత్తాయి తోటలకు పోతుంది. 1996లో శంకుస్థాపన జరిగిన పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు రెండు సొరంగాలు, ఒక్కొక్కటి 18 కిలోమీటర్లకు పైగా, నల్లమలను తొలిచి పూర్తయినా, 4.47 లక్షల ఎకరాల ఆయకట్టులో కాలువ నీరు పారినప్పుడే ఆ రకానికి ఇక్కడ చోటు కలుగుతుంది. నీరు వచ్చాక రైతు వేసవిలో కందినే ఎంచుకుంటాడా అన్నది మరో ప్రశ్న. 2025–26కి క్వింటాలుకు 8,000 రూపాయలుగా ప్రకటించిన మద్దతు ధర సంత ధరగా నిలబడితేనే దానికి అవునన్న జవాబు వస్తుంది.

అంతవరకు ఈ ప్రాంతానికి పనికివచ్చే మార్గాలు పెద్ద ఆర్భాటం లేనివి: ఎర్ర నేలలో సజ్జ, కొర్ర సాళ్ల మధ్య 150 రోజుల కంది, రేగడిలో తెగులు తట్టుకునే మధ్యకాలిక కంది, పుబ్బ దాటితే సాలు దగ్గర చేసి విత్తన మోతాదు పెంచిన రబీ కంది, పూత వేళ ఒక్క తడి అయినా ఇవ్వగల నీటి కుంట. వీటిలో ఏదీ కొత్త కాదు. కొరవడినది స్థానిక పరీక్ష. లాం ఫలితం రేగడిది, పాలెం ఫలితం వేరే వాన కిందిది. మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం గరప నేలల్లో ఒకే రకాన్ని జూన్‌ నుంచి సెప్టెంబరు దాకా పదిహేను రోజుల తేడాతో విత్తి, పూత తేదీలను పదేళ్లపాటు నమోదు చేసే పని దర్శిలోని పరిశోధన స్థానం, కృషి విజ్ఞాన కేంద్రం వంటి సంస్థలకు అసాధ్యమైనదీ కాదు, ఖరీదైనదీ కాదు. ఆ లెక్కలు తేలేలోగా విత్తన సంస్థలు ఒక చిన్న పని చేయవచ్చు: సంచి మీద ‘170 రోజులు’ అని అచ్చు వేసిన చోటే, ఏ నేలలో, ఏ తేదీన విత్తితే ఆ 170 రోజులు వచ్చాయో కూడా తెలుగులో అచ్చు వేయాలి.